టంకం పెట్టండి... పాట వినండి!

‘‘పోయిందప్పా, కొత్తది తీసుకో!’’

పాడైన ఇయర్‌ఫోన్ పట్టుకుని సెల్‌ఫోన్ దుకాణానికి వెళితే నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా దాదాపు ఇదే మాట. వాళ్లనీ తప్పుపట్టలేం. వంద రూపాయల వస్తువు ముందేసుకుని అరగంట కూర్చుంటే ఏం గిట్టుతుంది? కానీ వెయ్యో, రెండు వేలో పోసి కొన్నవాళ్ల సంగతి? పైగా నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరున్న ఊరు. ఒకే గదిలో నలుగురు సర్దుకునే పిల్లలు పక్కవాడి నిద్ర చెడకుండా రాత్రిపూట పాఠం వినాలంటే ఆ తీగే ఆధారం.

నిజానికి చెవిలో పెట్టుకునే భాగం పాడవడం తక్కువ. తెగేది తీగ, అదీ ఎక్కువగా పిన్ను మొదట్లో. ఒక చెవికి వినిపించకపోతే ఆ వైపు తీగ తెగినట్టే. ఒక్కోసారి వాయిద్యాలు మోగుతాయి, పాడేవారి గొంతు మాత్రం మాయం! దయ్యమేం పట్టలేదు. రెండు చెవులకూ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ తీగ తెగింది. అప్పుడు ఎడమ, కుడి శబ్దాల మధ్య తేడా ఒక్కటే వినిపిస్తుంది. గొంతు రెండువైపులా సమానంగా ఉంటుంది కాబట్టి చెల్లుకు చెల్లు. మాస్టారి పాఠమైతే మొత్తానికే గల్లంతు.

ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో మర తిప్పే మూత ఉన్న 3.5 మిల్లీమీటర్ల పిన్ను అడగండి. పాతదాని మీద నల్ల గీతలు లెక్కపెట్టుకుని వెళ్లండి. రెండుంటే మామూలుది, మూడుంటే మైకు ఉన్నది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సీసం తీగ కూడా కావాలి. పాత పిన్నుకు ఒకటిన్నర అంగుళం పైన కోసేయండి. ముందుగా కొత్త పిన్ను మూతను తీగలోకి ఎక్కించండి. అన్నీ అతికాక మూత బల్లమీద కనిపిస్తే ఎంత ఏడుపొస్తుందో!

లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులుంటాయి. సాధారణంగా ఎరుపు కుడికి, ఆకుపచ్చో నీలమో ఎడమకు, రాగిరంగుది ఎర్త్‌కు. కంపెనీని బట్టి మారొచ్చు, మల్టీమీటర్‌తో చూసుకోవడం మేలు. ఆ రంగు నిజానికి వార్నిష్. అది పోకపోతే టంకం అంటదు. అగ్గిపుల్లతో కాల్చేవాళ్లున్నారు కానీ రాగి పెళుసుబారుతుంది. ఐరన్ మొనమీద కరిగిన టంకపు బొట్టులో పోగును కొన్ని సెకన్లు ముంచితే వార్నిష్ కాలి, వెండిలా మెరుస్తుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అక్కడా ఇక్కడా తగరమే. అయితే కళాయిలో వాడే నవాసాగరం ఇక్కడ వద్దు, సన్న తీగను తినేస్తుంది. టంకం తీగలోనే ఉండే రోజిన్ చాలు. మధ్యలో నైలాన్ దారం ఉంటే కత్తిరించేయండి.

మామూలు పిన్నులో కొసకు ఎడమ, మధ్య వలయానికి కుడి, మొదలుకు ఎర్త్. మైకు ఉన్నదైతే ఇప్పటి ఫోన్లలో ఎక్కువవాటికి మూడోది ఎర్త్, తీగ పక్కనున్నది మైకు. కొన్ని పాత ఫోన్లలో ఈ రెండూ తారుమారు. పిన్ను లోపల ప్లాస్టిక్ ఉంటుంది, ఐరన్ రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి. పనికిరాని పాత రేడియో సాకెట్‌లో గుచ్చి పెడితే పిన్ను కదలదు. ఆళ్లగడ్డ శిల్పులకు ఉలి దగ్గర ఎంత నిలకడో ఇక్కడా అంతే కావాలి. మొదటి రోజు చెయ్యి వణికితే కంగారు పడకండి. మూత బిగించేముందు పాత రేడియోలో పరీక్షించండి, నేరుగా ఫోన్‌లో వద్దు.

ఈ పని వంటగట్టు మీద మాత్రం చేయకండి. టంకంలో సీసం ఉంటుంది, చేతులు కడుక్కున్నాకే అన్నం. కిటికీ తెరిచి, పొగ పీల్చకుండా కూర్చోండి. ఐరన్ మొన 300 డిగ్రీలు దాటుతుంది, తీగ లాగే వయసు పిల్లలుంటే వాళ్లు నిద్రపోయాకే మొదలుపెట్టండి.

అన్నట్టు, టైప్-సి పిన్ను ఉన్నవాటికి ఈ వైద్యం కుదరదు. చాలావాటి పిన్నులోనే చిన్న చిప్ ఉంటుంది. అది పోతే దుకాణదారు చెప్పిన మాటే ఖాయం.