నిమ్మకాయ సరే, పంపు సంగతేమిటి?

మనం ఏ పల్లెటూరికి కార్యక్రమానికి వెళ్ళినా ట్రాక్టరు ముందు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండ మన కంటికి మొదట ఆనుతుంది. దాని మీద ఒక ఉపన్యాసం ఖాయం. నేనూ ఇచ్చాను, మళ్ళీ ఇస్తాను. కానీ జమాఖర్చులు చూసి బతికినవాణ్ణి కాబట్టి ఒక సంగతి అడుగుతాను. ఆ దండ ఖర్చు పది ఇరవై రూపాయలు. అదే ట్రాక్టరు వెనకవైపు, లిఫ్టు బలం తగ్గిందని ఏ కొలతా తీయకుండా మార్పించిన హైడ్రాలిక్ పంపు ఖర్చు వేలల్లో ఉంటుంది. దాని గురించి మనలో ఎంతమంది మాట్లాడాం? అది చెప్పినవాడి చేతిలో విభూతి లేదు, స్పానరు ఉంది. అందుకని అది సైన్సు ఖాతాలో పడిపోయింది.

నా అభిప్రాయం ఇదీ: కొలవకుండా అన్న "పంపు పోయింది" అనే మాటకీ, "దిష్టి తగిలింది" అనే మాటకీ పద్ధతిలో తేడా లేదు. బిల్లులో మాత్రం చాలా తేడా ఉంది.

నేను ఇంజనీరును కాను. బీకాం చదివి, రక్షణ ఖాతాల శాఖలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పనిచేశాను. అయితే ఈ యంత్రం అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ట్రాక్టరు వెనక మూడు కడ్డీలకు గొర్రునో రోటవేటరునో తగిలించి నూనె ఒత్తిడితో పైకెత్తే ఈ ఏర్పాటును వాడుకలోకి తెచ్చినవాడు ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. 1939లో ఫోర్డుతో కలిసి తీసుకొచ్చిన 9ఎన్ ట్రాక్టరులో అది జనానికి చేరింది. (తర్వాత ఇద్దరికీ చెడింది. కోర్టుకెళ్ళి 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీపడ్డారు. ఆ రాజీలో హైడ్రాలిక్ పంపు వాల్వు ఎటువైపు ఉండాలన్నది కూడా ఒక షరతు! ఇలాంటి ఒప్పందాలు చదవడం నాకు నవల చదివినట్టు ఉంటుంది.) 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసీ హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే మొదలయ్యాక ఆ వరస బళ్ళు మన పొలాల్లోకీ వచ్చాయి. ఎం.ఎఫ్. 35, ఆ తర్వాతి 1035 ఆ కుటుంబమే.

ఆ పాత వరస బళ్ళలో పంపు బయటికి కనపడదు. వెనక హౌసింగు అడుగున, నూనెలో మునిగి ఉంటుంది. పీటీవో షాఫ్టు తిరిగితే దానితోపాటు తిరుగుతుంది. నూనెను పీల్చి, నిలువు గొట్టం గుండా పైకి పంపుతుంది. పైన ఒక సిలిండరు, అందులో పిస్టను. పిస్టను తోస్తే చేతులు లేస్తాయి. దించేటప్పుడు పనిముట్టు తన బరువుకే దిగుతుంది. ఒత్తిడి హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు ఉంటుంది. ఎం.ఎఫ్. 35లో ఆ హద్దు చదరపు అంగుళానికి 2,500 పౌండ్ల దరిదాపు. కారు టైరులో ఉండేది 30. ఇంకో ముఖ్య విషయం, గేరుబాక్సుకీ, డిఫరెన్షియల్‌కీ, లిఫ్టుకీ నూనె ఒక్కటే.

అంటే లిఫ్టు బలహీనం కావడానికి పంపు ఒక్కటే కారణం కానక్కర్లేదు. నూనె తగ్గి ఉండొచ్చు. నూనెలో నీళ్ళు కలిసి ఉండొచ్చు. రిలీఫ్ వాల్వు ముందే వదిలేస్తుండొచ్చు. గొట్టం దగ్గర రబ్బరు రింగు తెగి ఉండొచ్చు. సిలిండరులో పిస్టను రింగులు అరిగి ఉండొచ్చు. అసలు లిఫ్టు బాగానే ఉండి, తగిలించిన పనిముట్టే బరువు పెరిగి ఉండొచ్చు. కంపెనీ చెప్పే ఎత్తుడు బరువు కడ్డీల చివర లెక్క. వెనక్కి పొడుగ్గా సాగిన పనిముట్టు అదే తూకం ఉన్నా లిఫ్టుకు ఎక్కువ బరువవుతుంది. చాచిన చేత్తో బిందె ఎత్తి చూడండి, తెలుస్తుంది.

ఇక మా బావమరిది కథ. కొన్నేళ్ళ కిందటిది. మెట్ట మీద పత్తి, పల్లంలో వరి, ముప్ఫై ఏళ్ళ నాటి ట్రాక్టరు. తొలకరి పడింది. పొద్దున బాగానే లేచే గొర్రు పదకొండు గంటలకల్లా సగానికి లేచి ఆగిపోతోంది. గట్టు దగ్గర బండి తిప్పలేడు. పదును ఎవరి కోసమూ ఆగదు, రైతులకు ఈ మాట చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో అతను మూడు పనులు చేశాడు. ఇంట్లోవాళ్ళు దిష్టి తీశారు. ఒక సిద్ధాంతి బండి ముఖం తూర్పుకు పెట్టి నిలపమన్నాడు. మెకానిక్కు వచ్చి, లివరు రెండుసార్లు ఎత్తి దించి, "పంపు పోయింది" అన్నాడు. ఎరువుల కొట్టులో అప్పు తెచ్చి పంపు వేయించారు. కొత్త నూనె, కూలీ కలిపి 16,000 రూపాయలు.

లిఫ్టు లేచింది! మెకానిక్కు పంపు వల్ల అన్నాడు, సిద్ధాంతి దిక్కు వల్ల అన్నాడు, మా అత్తగారు మిరపకాయల వల్ల అన్నారు. ముగ్గురి రుజువూ ఒకటే: "మేం చేశాక బాగైంది కదా!" నేను ఫోనులో సందేహం వెలిబుచ్చితే బావమరిది, "బావా, నీకు దేవుడంటే నమ్మకం లేదు సరే, మెకానిక్కు మీద కూడా లేదా?" అన్నాడు. ఈ ప్రశ్న మన మిత్రులు కూడా వేస్తారు కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఇరవై రోజులకు, వరి మడిలో దమ్ము చేస్తుండగా, మళ్ళీ అదే తంతు. అప్పుడు పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన్ని పిలిచారు. ఆయన పనిముట్ల సంచీ కింద పెట్టి ముందు ప్రశ్నలు అడిగాడట. ఉదయం చల్లగా ఉన్నప్పుడు లేస్తుందా? వేడెక్కాకే తగ్గుతుందా? ఏ పనిముట్టుతో? ఈమధ్య పనిముట్టు మార్చారా? తర్వాత గొర్రు పైకెత్తించి ఇంజను ఆపించాడు, గడియారం చూశాడు. ఐదు నిమిషాలు కాకముందే గొర్రు నేలకు దిగింది. నూనె పుల్ల తీస్తే పాలు పోసిన టీ రంగు. దమ్ములో సీళ్ళ గుండా నీళ్ళు లోపలికెళ్ళాయి. పై మూత విప్పితే నిలువు గొట్టం దగ్గర రింగు గట్టిపడి పగిలి ఉంది. రింగులు మార్చి, వాటితోపాటు ఆ సీళ్ళు, నూనె కూడా మార్చాడు. మళ్ళీ అదే గొర్రు ఎత్తి, ఇంజను ఆపి, రాత్రంతా అలాగే ఉంచాడు. తెల్లారేసరికి నాలుగు వేళ్ళు దిగిందట, అంతే.

మరి కొత్త పంపు ఇరవై రోజులు ఎందుకు పనిచేసింది? కొత్త నూనె వల్ల కావచ్చు. పాత పలచటి నూనె కారిపోయే సందులోంచి చిక్కటి కొత్త నూనె అంత తొందరగా కారదు. పాత పంపు కూడా కొంత అరిగే ఉండొచ్చు. దాన్ని ఎవరూ విప్పి చూడలేదు, పాత సామాను కింద వెళ్ళిపోయింది. అందువల్ల 16,000లో ఎంత అవసరం, ఎంత దండగ అన్నది ఇక ఎప్పటికీ తేలదు. నాకు కోపం తెప్పించేది ఇదే. మిలటరీ స్టోర్సులో ఒక వస్తువు పనికిరాదని రాయాలంటే ఎవరో పరిశీలించి సంతకం పెట్టాలి. రైతు సొమ్ముకు ఆ మాత్రం కూడా లేదు.

కామర్సు చదివినవాళ్ళకు ఇంకో మాట. ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే పుస్తకాలన్నీ తిరగరాయం. తేడాని చూస్తాం. అది 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూస్తాం, 5,482 బదులు 5,842 పడితే తేడా 360 వస్తుంది. 2తో భాగింపబడితే ఆ సగం మొత్తం ఏదైనా తప్పు వైపు పడిందేమో వెతుకుతాం. తప్పు తన వేలిముద్ర వదులుతుంది. వేడెక్కాకే బలం తగ్గడం అలాంటి వేలిముద్రే, ఎక్కడో సందు ఉంది, పలచబడ్డ నూనె అందులోంచి పోతోంది. పొద్దుట్నుంచీ ఒకేలా బలహీనంగా ఉంటే రిలీఫ్ వాల్వునో, నూనె మట్టాన్నో ముందు అనుమానించాలి. బరువు ఎత్తి ఇంజను ఆపితే గంటల తరబడి నిలిచి ఉంటే పైన సిలిండరూ, గొట్టమూ బాగున్నట్టు, అప్పుడు పంపు వైపు చూడటంలో న్యాయముంది. తొందరగా పడిపోతే పంపు నిర్దోషి అని తేలదు గానీ, ముందు చూడాల్సిన చవకైన చోట్లు మిగిలి ఉన్నాయని తేలుతుంది. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

ఎంత వెతికినా దొరకని తేడాని మేం సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. దిష్టి కూడా సస్పెన్స్ ఖాతాలాంటిదే, కాకపోతే దాన్ని ఎవరూ తర్వాత సరిచేయరు. "పంపు పోయింది" అన్నది ఇంకా ఇబ్బందికరం. కారణం తెలియని తేడాని తెలిసిన పద్దు కింద రాసేయడం అది. ఆడిటరుకు సస్పెన్స్ కనిపిస్తుంది, ఇది కనిపించదు.

మెకానిక్కులను తిట్టడం నా ఉద్దేశం కాదు. పదును పోతోందని రైతు నెత్తిమీద కూర్చుంటే, ఎదురుగా గేజీ లేకపోతే, ఎక్కువసార్లు చెడిపోయే భాగం పేరు చెప్పడం మానవ సహజం. ఆ రెండో పెద్దాయన కూడా ఒకేసారి రింగులూ నూనే మార్చాడు, అదీ శుద్ధమైన పరీక్ష కాదు. కానీ ముందూ వెనకా ఒకే బరువుతో, ఒకే కొలత తీశాడు. నాకు అది చాలు.

పల్లె కార్యక్రమాలకు మనం నిప్పులు, మేకులు, మాయల పెట్టె మోసుకెళ్తాం. ఆ పెట్టెలో ఒక ప్రెషరు గేజీ కూడా పెడదామని నా ప్రతిపాదన. లిఫ్టులో ఒత్తిడి పూర్తిగా వస్తోందో లేదో పదిమంది ముందు ముల్లు చూపిస్తుంది. మొత్తం ఒత్తిడి వచ్చి కూడా బరువు లేవకపోతే పంపు కొననక్కర్లేదని రైతే అంటాడు. రెండు జాగ్రత్తలు. ఎత్తిన పనిముట్టు కింద దిమ్మెలు పెట్టకుండా ఎవరినీ దూరనివ్వొద్దు. నూనె ఎక్కడ చిమ్ముతోందో చేత్తో వెతకొద్దు, అట్టముక్కతో చూడాలి, ఆ ఒత్తిడిలో సన్నటి ధార చర్మంలోకి దిగుతుంది. గేజీ బిగించే మర బండిని బట్టి మారుతుంది, కొనడానికి వెళ్ళేటప్పుడు ఆ ప్లగ్గు జేబులో వేసుకుని వెళ్ళండి.