రామగుండము యూరియా – సింగరేణి బొగ్గు

మన రావిర్యాల రైతునకు బొగ్గుగనులతో నేమి పని యని కొందఱడుగుదురు. యూరియా బస్తాయే ఆ పని.

1980లో రామగుండమున యూరియా చేయ నారంభించిన కర్మాగారము బొగ్గునే వాయువుగా మార్చి వాడుకొనెడిది. యంత్రములు మొరాయించి, విద్యుత్తు చాలక, నష్టములు పెరిగి 1999లో అది మూతపడెను. అచ్చటనే 2021లో మొదలైన క్రొత్త కర్మాగారము గొట్టములలో వచ్చు సహజవాయువుతో ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగలది. సింగరేణి గనుల నడుమ నిలిచి, యూరియాకు బొగ్గు నడుగని కర్మాగారము!

వాయువు వాడుట సులభము, కాదనను. కాని దేశము వాడు సహజవాయువులో సుమారు సగము ఓడలపై రావలసినదే. కృష్ణా గోదావరి తీరపు సముద్రగర్భమున వాయువు తగ్గగా, 2013లో ఆంధ్రదేశమున పెక్కు విద్యుత్కేంద్రములు నిలిచిపోవుట చూచితిమి.

2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్పవలెనని కేంద్రప్రభుత్వ సంకల్పము. అందులకు 2024లో 8,500 కోట్ల రూపాయల సాయము మంజూరైనది. మన బొగ్గున బూడిద మెండు గనుక పని తేలిక కాదు. అయినను అందు ఎరువునకు పాలెంతయో ముందే తేల్చవలెను. 2025 వానాకాలమున యూరియాకై చెప్పులు వరుసనుంచి కాచుకొన్న రైతులకు ఈ ప్రశ్న యడుగు హక్కు గలదు. రాబోవు సంఘసభలో తీర్మానము చేసి పంపుదమని నా మనవి.