ఇంటి చెత్తకు దిబ్బ కావాలి, దిబ్బకు భూమి కావాలి

నగరాల్లో స్తోమత గలవాళ్ల మధ్య కొంతకాలంగా ఒక ముచ్చట నడుస్తున్నది. ఊరికి దూరంగా రెండు మూడెకరాలు కొని, ఇంటి కప్పు మీద సౌరఫలకాలు పెట్టుకొని, వాననీళ్లు తొట్లలో పట్టుకొని, వంటింటి చెత్తను పెరట్లో ఎరువు చేసుకొని, కరెంటు తీగతోగానీ కుళాయి గొట్టంతోగానీ మునిసిపాలిటీ చెత్తబండితోగానీ పనిలేకుండా బతకడం. దీనికి ‘ఆఫ్ గ్రిడ్’ బతుకని పేరు పెట్టారు. చెత్తను ఎక్కడిదక్కడ ఎరువుగా మార్చుకోవడం మంచి పనే. ఆ మాటను మేము కాదనడం లేదు.

అయితే కౌతాళం, కోసిగి, హొళగుంద ప్రాంతాల్లో వ్యవసాయ కార్మికుల మధ్య పనిచేస్తున్న మాకు ఒక ప్రశ్న తోస్తున్నది. మా పల్లెలు తరతరాలుగా చెత్తబండి మొగం చూడకుండానే బతికినాయి. ఇంట్లో పుట్టిన చెత్త ఇంటి వెనకాలే ఎరువైపోయేది. మరి అవే పల్లెల్లో ఇవాళ గేరి మొదట్లో, వంక గట్టున, కాలువ పక్కన చెత్త ఎందుకు పేరుకుంటున్నది? అధికారులను అడిగితే “ప్రజల్లో అవగాహన లేదు” అంటారు. మా అనుభవం వేరే సంగతి చెపుతున్నది. చెత్తను ఎరువు చేయడానికి తెలివి ఒక్కటే చాలదు. పశువు కావాలి, దిబ్బ వేసుకునే చోటు కావాలి, తయారైన ఎరువు తోలుకోవడానికి పొలం కావాలి. ఈ మూడూ లేని ఇంట్లో చెత్త చెత్తగానే మిగులుతుంది.

దిబ్బ చేసిన పని

దిబ్బ అంటే మురికికుప్ప అని పట్నం వాళ్లు అనుకుంటారు. సేద్యం చేసిన ఎవరినడిగినా అది ఇంటి బొక్కసం అని చెపుతారు. కొట్టంలోని పేడ, ఎద్దులు తినగా మిగిలిన జొన్నచొప్ప, పొయ్యిలోని బూడిద, వాకిలి ఊడ్చిన కసువు, శెనక్కాయ పొట్టు, అన్నీ దిబ్బకే చేరేవి. ఏడాది పొడుగునా మాగేవి. ఎండాకాలంలో బండ్లకెత్తి, ఏరువాకకు ముందే నల్లరేగడి చేలకు తోలేవారు. దీనికితోడు గొర్రెల మందలను రాత్రిళ్లు చేలో నిలిపేవారు.

లెక్కకు చూసినా ఇది చిన్న విషయం కాదు. మాగిన పశువుల ఎరువులో సుమారు అర శాతం నత్రజని వుంటుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెపుతారు. అంటే టన్ను ఎరువులో 5 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, ఆ 5 కిలోల కోసం 11 కిలోల దాకా యూరియా కొనాలి. దిబ్బ ఎరువులో భాస్వరం, పొటాష్ కూడా వుంటాయి. నేలను గుల్లబరచి తేమ నిలిపే గుణం యూరియా బస్తాలో దొరకదు. వాన మీద ఆధారపడిన మా పడమటి కర్నూలు చేలకు ఆ గుణమే ప్రాణం.

బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, చెత్తనూ పేడనూ పొరలుగా పేర్చి ఎరువు చేసే పద్ధతిని కుదిర్చాడు. ప్రపంచం దాన్ని ఇండోర్ పద్ధతి అన్నది. ఇక్కడి రైతులనే తన గురువులుగా హోవార్డ్ చెప్పుకున్నాడు. ఇవాళ పెరటి కంపోస్టు గురించి పట్నాల్లో పాఠాలు చెప్పేవాళ్లు మన పల్లెల సరుకునే మనకు తిరిగి అమ్ముతున్నారన్నమాట.

ఎవరి దిబ్బ? ఎవరి చాకిరి?

ఇంతవరకు చెప్పింది ఒక పక్క. రెండో పక్క చెప్పకపోతే పాతకాలాన్ని ఊరికే మెచ్చుకున్నట్టవుతుంది. ఆ దిబ్బలు ఎవరివి? భూమీ ఎద్దులూ వున్న రైతులవి. కొట్టం ఊడ్చిందీ, పేడగంప నెత్తిన మోసిందీ, దిబ్బ తవ్వి బండికెత్తిందీ జీతగాళ్లూ, కూలి ఆడవాళ్లూ. వాళ్లలో ఎక్కువమంది దళితవాడల వాళ్లు. ఊరంతటి మురికినీ మోసినవాళ్లకు ఆ ఎరువులో గంపెడైనా వాటా లేదు. వాటా యిచ్చినా వేసుకోవడానికి చేను లేదు.

ఆనాటి కార్మికుడి కొడుకు పరిస్థితి ఇవాళ ఏమిటి? 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు పంచిన ఇంటి స్థలం గ్రామాల్లో సెంటున్నర. సెంటు అంటే 435 చదరపు అడుగుల పైచిల్లర. సెంటున్నరంటే సుమారు 650 అడుగులు. తర్వాత వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లని ప్రకటించింది. కానీ సెంటున్నరలో ఇల్లు కట్టుకున్నవాడి గోడలు వెనక్కి జరగవు కదా.

ఇప్పుడు అధికారులు సిఫారసు చేసే నాడెప్ తొట్టి సంగతి చూద్దాం. మహారాష్ట్ర రైతు పాండరీపాండే రూపొందించిన ఈ తొట్టి మంచిదే. దాని పొడుగు 10 అడుగులు, వెడల్పు 6, ఎత్తు 3 అడుగులు. తొట్టికే 60 చదరపు అడుగులు పోతాయి. చుట్టూ తిరగడానికి మరికొంత చోటు కావాలి. ఒకసారి నింపడానికి 14, 15 వందల కిలోల ఆకూ అలమూ, 90, 100 కిలోల పేడ, ఇంకా పైగా మట్టి, నీళ్లు కావాలి. తర్వాత మూడు నెలలకు పైగా తడి ఆరకుండా చూసుకోవాలి. సెంటున్నర స్థలంలో ఇల్లు, మరుగుదొడ్డి, బోకులు తోముకునే జాగా పోను మిగిలేదెంత? సెంటు భూమి లేనివాడు టన్నున్నర ఆకూ అలమూ ఎక్కడినుంచి తెస్తాడు? సుగ్గికని గుంటూరు మిరప కోతకూ, బెంగళూరు కట్టడం పనులకూ ఇంటికి తాళం వేసి నెలల తరబడి పోయే కుటుంబాల తొట్టికి నీళ్లు ఎవరు పోస్తారు?

గోబర్ గ్యాస్ కథా ఇంతే. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పథకమే పెట్టింది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల దాకా పేడ కావాలి. అంటే కనీసం నాలుగైదు పశువులుండాలి. ఒక్క ఎనుమును మేపడానికే గడ్డి కొనుక్కునే ఇంటికి ఆ పథకం తలుపు తట్టలేదు. పేడ వున్న ఇంటికి గ్యాసూ వచ్చింది, గ్యాస్ పోగా మిగిలిన ఎరువూ దక్కింది. లేని ఇంట్లో ఆడవాళ్లు పత్తికట్టె పొగకే కళ్లు నలుపుకున్నారు.

దిబ్బకెక్కని చెత్త

ఈలోగా చెత్త స్వభావమే మారింది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గినాయి, ఎద్దులు తగ్గి దిబ్బలు తగ్గినాయి. జొన్న, కొర్ర వేసిన చేలల్లోకి పత్తీ మిరపా వచ్చినాయి. పశువు తినే చొప్ప పోయి పొయ్యికి తప్ప పనికిరాని పత్తికట్టె మిగిలింది. అంగట్లో రూపాయికి, రెండు రూపాయలకు దొరికే షాంపూ, గుట్కా, చిరుతిండి పొట్లాలు గేరి నిండా పరచుకున్నాయి. సీసా కొనే స్తోమత లేనివాడి కోసమే కంపెనీలు ఆ చిన్న పొట్లాలను తయారు చేసినాయి. లాభం కంపెనీకి పోతుంది, ఖాళీ పొట్లం మా కాలువలో మిగులుతుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని కేంద్రం నిషేధించింది. స్పూన్లూ, స్ట్రాలూ ఆ జాబితాలో చేరినాయి గానీ షాంపూ పొట్లం చేరలేదు.

అన్నిటికంటే ప్రమాదమైనవి పురుగుమందు డబ్బాలు. ఖాళీ డబ్బాను ఎవరూ మళ్లీ వాడకుండా పగలగొట్టి, జనం వుండే చోటికి దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి క్రిమిసంహారక నిబంధనలు చెపుతున్నాయి. పత్తి చేలల్లో జరిగేదేమిటో రైతులకు తెలుసు. డబ్బా గట్టు మీద పడివుంటుంది, లేదా కాలువలో తేలుతుంది. మందు కొట్టిన కూలీ దాన్ని కడిగి ఇంటికి తెచ్చుకుంటాడు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లే ఈ ప్రాంతంలో చేలకూ, ఎన్నో ఊళ్ల గొంతులకూ ఆధారమన్న సంగతి గుర్తుంటే, ఆ డబ్బా ఒక్క ఇంటి చెత్త కాదని అర్థమవుతుంది. ప్లాస్టిక్‌ను పొయ్యిలో వేసి కాల్చినా విషమే. ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న మనిషే.

మరుగుదొడ్ల విషయంలోనూ నేలను చూడకుండా పథకం రాసినారు. 2014లో మొదలైన స్వచ్ఛభారత్ కింద 12 వేల రూపాయలిచ్చి జంట గుంటల దొడ్లు కట్టమన్నారు. ఒక గుంట నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదికి పైగా మాగనిస్తే వాసన లేని ఎరువవుతుంది. పద్ధతి మంచిది, మనిషి మలాన్ని మనిషి ఎత్తే దుర్మార్గానికి అది విరుగుడు కూడా. కానీ నల్లరేగడి తడికి ఉబ్బి నీళ్లను ఇంకనివ్వదు. గుంట చుట్టూ ఇసుక పోయాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టలేకపోతే గుంట వానాకాలంలో పొంగుతుంది. అప్పుడు దాన్ని ఎత్తిపోయడానికి మళ్లీ ఏ గేరి మనిషిని పిలుస్తారో అందరికీ తెలుసు.

షెడ్లు కట్టారు, కూలి ఎగ్గొట్టారు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. ఉపాధి హామీ నిధులతో ఊరూరా ‘చెత్త నుంచి సంపద’ షెడ్లు కట్టారు. ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించడానికి హరిత రాయబారులను పెట్టారు. 2021 అక్టోబరు 2న పథకం పేరు మార్చి జగనన్న స్వచ్ఛ సంకల్పం అన్నారు, రాయబారులు క్లాప్ మిత్రలైనారు. పట్టణాల్లో చెత్త పన్ను వేసి జనం చేత తిట్లు తిన్నారు, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర అంటూ పొరకలు పట్టుకొని ఫోటోలు దిగుతున్నారు.

పేర్లు మారినాయి గానీ పొరక పట్టిన మనిషి గతి మారలేదు. హరిత రాయబారికి నెలకు 6 వేలని పెట్టారు. రోజుకు 200 రూపాయలు. 2025-26లో ఇదే రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలని కేంద్రమే నిర్ణయించింది. ఆ 200 కూడా నెలల తరబడి బకాయి పెడితే, జీతం కోసం మండలాఫీసుల ముందు ధర్నాలు చేయవలసి వచ్చింది. మనిషి రాకపోతే బండి ఆగుతుంది, బండి ఆగితే షెడ్డు పాడుబడుతుంది. తర్వాత నెపం జనం మీద వేస్తారు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి మూడు రాష్ట్రాల నుంచి జనం వచ్చి పోయినాక మిగిలే చెత్తను ఎత్తే చేతులు కూడా ఇలాంటివే.

ఇంకో లెక్క చూడండి. 2016లో పట్టణ చెత్తతో చేసిన కంపోస్టుకు కేంద్రం టన్నుకు 1,500 రూపాయల మార్కెటింగ్ సాయం ప్రకటించింది. 2023లో గోబర్ధన్ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకూ అంతే ప్రకటించింది. ప్లాంటు పెట్టగలవాడికి వర్తించే ఈ లెక్క, ఊరి షెడ్డులో కూలీ చేతుల మీద తయారయ్యే ఎరువుకు ఎందుకు వర్తించదు? పైగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఉపాధి చట్టం 125 రోజుల పని అంటూనే, ఖర్చులో 40 పాళ్లు రాష్ట్రాల నెత్తిన పెట్టింది. అప్పుల్లో వున్న రాష్ట్రం ఊరి దిబ్బకు ఎంత విదిలిస్తుందో ఊహించవచ్చు.

ఏం చేయాలి?

గ్రామ పారిశుద్ధ్యం పంచాయతీకి అప్పగించదగిన పని అని రాజ్యాంగం పదకొండో షెడ్యూలు చెపుతున్నది. దాన్ని ఆధారం చేసుకొని కూలీలూ, చిన్న రైతులూ కలిసి గ్రామసభల్లో కొన్ని విషయాలు పట్టుబట్టాలి.

ఒకటి: ప్రతి గేరికీ, ముఖ్యంగా దళితవాడలకూ కొత్త కాలనీలకూ, ఊరి పోరంబోకులో ఉమ్మడి దిబ్బ స్థలం కేటాయించి హద్దులు పాతాలి. పోరంబోకు ఆక్రమించినవాడు ఎంత పెద్దవాడైనా లేపాలి.

రెండు: ఆ దిబ్బ తవ్వకం, నింపకం, తిప్పకం ఉపాధి పనిగా గుర్తించి కూలి కట్టాలి. పారిశుద్ధ్య కార్మికులకు కనీస వేతనం, చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి. బకాయిలు ఒక్కసారిగా తీర్చాలి.

మూడు: తయారైన ఎరువులో పనిచేసినవాళ్లకు వాటా వుండాలి. చేను లేనివాళ్ల వాటాను పంచాయతీ ధర కట్టి కొని కౌలు రైతులకూ చిన్న రైతులకూ ఇవ్వాలి. టన్నుకు 1,500 సాయం దీనికీ వర్తింపజేయాలి.

నాలుగు: పురుగుమందు డబ్బాలను అమ్మిన అంగడే వెనక్కు తీసుకోవాలి, కంపెనీ ఖర్చు భరించాలి.

రైతు సోదరులకు ఒక మాట. బస్తా ఎరువు కోసం ఆధార్ కార్డు పట్టుకొని వరసలో నిలబడే రోజులొచ్చినాయి. మీ చేలకు కావలసిన సత్తువలో కొంత మీ ఊరి గేరుల్లోనే, కాలువ గట్టునే కుళ్లిపోతున్నది. దాన్ని చేనికి చేర్చగలిగేది కూలీ చెయ్యే. ఆ చేతికి కూలీ, ఆ దిబ్బకు జాగా అడగడానికి వచ్చే గ్రామసభలో వాళ్ల పక్కన మీరూ నిలబడాలి.