గొలుసు ఎక్కడ విడుతుందో చూడాలి

కిరాణా సంచీనీ నీళ్ల సీసానూ మనం ప్లాస్టిక్ అనే ఒకే మాటతో పిలుస్తాం. పుట్టుకలోనే అవి వేరు. సంచీకి మూలం ఇథిలీన్ వాయువు. ఇంగ్లండులోని ఐసీఐ రసాయన కంపెనీ ప్రయోగశాలలో 1933లో ఫాసెట్, గిబ్సన్ దాన్ని తీవ్ర పీడనంలో ఉంచితే మైనం లాంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. ఇథిలీన్ అణువులోని జంట బంధంలో ఒకటి విడివడి పక్క అణువును పట్టుకుంటుంది. అలా వేల అణువులు పూసల్లా గుచ్చుకుంటాయి. ఆ గొలుసు పొడవునా కార్బన్‌ను కార్బనే పట్టుకుని ఉంటుంది, తేలిగ్గా విడదీసే చోటే ఉండదు. నీళ్ల సీసా చేసే పెట్ అలా కాదు. టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిసేటప్పుడు ఒక్కో అతుకు దగ్గర ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆ అతుకు విప్పదగిన ముడి. గ్లైకాల్‌తోనో మిథనాల్‌తోనో వేడిచేసి మళ్లీ ముడిసరుకు రాబట్టవచ్చు.

ఈ తేడాను చట్టం పట్టించుకోవాలి. మన నిబంధనలు సంచీ మందం కొలుస్తాయి: 2021లో 75 మైక్రాన్లు, 2022 చివరికి 120. మందమైన సంచీని ఏరుకునేవారికి గిట్టుబాటవుతుంది కాబట్టి ఆ కొలతకు అర్థం ఉంది. అయితే అసలు చిక్కు పెట్, పాలిథీన్, అల్యూమినియం పొరలను అతికించిన ప్యాకెట్లతో. పాత సామాన్ల కొట్టువాడు కూడా వాటిని కొనడు. రీసైకిల్ కాని ఇలాంటి బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2018లో సవరణ వచ్చింది. కాల్చి శక్తి రాబట్టగలిగినా, మరో వాడకం ఉన్నా చాలు, ఆ ప్యాకెట్ నిషేధం నుంచి తప్పించుకుంటుంది. కాలని ప్లాస్టిక్ ఎక్కడుంది? ఆ సడలింపుతో నిబంధన ప్రాణమే పోయింది.

ఆ పొరలు గాలినీ తేమనూ ఆపి ఆహారాన్ని కాపాడతాయని, చిన్న ప్యాకెట్ పేదవాడికి అందుబాటు ధరలో దొరుకుతుందని కంపెనీలు అంటాయి. రెండూ నిజమే. కానీ ఒకే జాతి పాలిమర్‌తో పొరలు కట్టే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి. ఖర్చు కొంత పెరగవచ్చు, కానీ ఈ చవకదనానికి మూల్యం ఇప్పటికే మురుగుకాలువలు, పారిశుద్ధ్య కార్మికులు చెల్లిస్తున్నారు. ప్లాస్టిక్‌ను వేడితో విడగొట్టే పైరాలిసిస్ ఉందిగా అంటారు మరికొందరు. అధిక వేడిలో పాలిథీన్ గొలుసులు ఎక్కడపడితే అక్కడ తెగి నూనెల మిశ్రమం వస్తుంది, తిరిగి ఇథిలీన్‌గా మార్చాలంటే మళ్లీ బోలెడు శక్తి కావాలి. అందుకే 2016 నాటి వాక్యాన్ని యథాతథంగా, గడువు తేదీతో సహా కేంద్రం తిరిగి తేవాలి.