మనసులో ఆటో స్టార్టర్

పేరు పక్కన ఒక అక్షరాన్ని మోసే మండలం ఆత్మకూర్ (ఎస్). ఆ 'ఎస్' అంటే సూర్యాపేట. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆత్మకూర్ (ఎం)తో కలగలిసిపోకుండా పెట్టుకున్న గుర్తు. ఇక్కడ మనసు బాగాలేని మనిషి 'డిప్రెషన్' అనడు, 'రంది పట్టుకుంది' అంటాడు. విన్నవాళ్లు 'రంది పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటయ్' అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ అక్కడితో అతని నోరు మూతపడుతుంది.

కౌన్సెలర్ శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఈ మాట మానుకోవడమే. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి 1960లలో ఫిలడెల్ఫియాలో పునాది వేసిన డాక్టర్ ఆరన్ బెక్ మొదట ఫ్రాయిడ్ బాటలో నడిచినవాడే. దిగులుకు ముందు రోగి మనసులో ఒక ఆలోచన చటుక్కున వచ్చిపోతోందని ఆయన గమనించాడు. దాన్ని రోగి తానే పట్టుకుని, అందులో నిజమెంతో తానే తూచుకునేలా అడగడం ఈ వైద్యం. సలహాలకు ఇందులో చోటు తక్కువ.

బోరు ఎండి వరి పోయిన రైతునే తీసుకుందాం. 'పంట పోయింది' అన్నది భ్రమ కాదు, అప్పు అంతకన్నా కాదు. 'ఇగ నేను ఇంటికి బరువే' అన్నప్పుడు మాత్రం కౌన్సెలర్ ఆగాలి. ఆ మాట ఇంట్లో ఎవరన్నా అన్నారా, నీకే తోచిందా అని అడగాలి. ఈ తేడా తెలియనివారు బాకీని పక్కనపెట్టి మనసును బాగుచేయబోతే రైతుకు అది అవమానంగానే తగులుతుంది. అతనితో కూర్చుని అప్పుల లెక్క కాగితం మీద రాయడమూ చికిత్సలో భాగమే.

ఇంతటి నేర్పు రెండు రోజుల వర్క్‌షాపులో, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌తో రాదు. బెక్ సంప్రదాయంలో శిక్షణ పొందేవారి సంభాషణను రికార్డు చేసి, అనుభవజ్ఞులు విని, 11 అంశాల్లో మార్కులు వేస్తారు. 66కు 40 వస్తే గట్టెక్కినట్టు లెక్క. అంత పెద్ద నిపుణులు దొరకని చోట ఏం చేయాలో గోవా చూపింది. అక్కడ మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులకు ఈ కోవకే చెందిన ఒక పద్ధతి నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ఒకరి రికార్డింగులు ఒకరు విని తప్పులు చెప్పుకున్నారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు వారి దగ్గరికి వచ్చినవారిలో నూటికి 64 మంది కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 మంది.

ఇక్కడా అలాంటిది చేయొచ్చు. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2022 అక్టోబరు 10 నుంచి 14416కు ఫోన్ చేస్తే మనసు బాధల్లో సాయపడే టెలిమానస్ పలుకుతోంది. ఇక కావలసింది ఆత్మకూర్ నుంచి ఒక ఆశా కార్యకర్తనో, ఒక టీచరమ్మనో ఎంచుకుని నేర్పడం, రోగి ఒప్పుకుంటే ఆమె చేసిన సంభాషణను ప్రతి వారం కళాశాలలో ఎవరో ఒకరు ఓపికగా వినడం.

నేర్పేది తెలుగులో, అదీ ఈ నేల తెలుగులో ఉండాలి. చటుక్కున వచ్చిపోయే ఆ ఆలోచనను పుస్తకం చెప్పినట్టు 'స్వయంచాలక ఆలోచన' అంటే వినేవాడు ఆకాశం చూస్తాడు. రైతుకు తెలిసిన పోలిక వేరే ఉంది. 2018 జనవరిలో 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను బతిమాలింది. కరెంటు రాగానే, నీళ్లున్నా లేకున్నా, మోటారు దానంతటదే తిరిగేది. 'ఆ ఆలోచన కూడా గట్లనే మొదలైతదా అన్నా?' అని అడిగి చూడండి. అతను తలూపి, తన మోటారు ఎప్పుడు కాలిపోయిందో చెప్పడం మొదలుపెడతాడు.