చర్చయందు మర్యాద

2020వ సంవత్సరమున కోవిడు మూలమున బడులు మూతపడగా చదువులు ఫోనులలోనికి వచ్చినవి. బడులు మరల తెఱచినను, పాఠములను గూర్చి ఫోనులలో వ్రాసికొని చర్చించు వాడుక కొన్ని తరగతులలో నిలిచినది. అది మెచ్చదగినదే. అందలి నడవడి మాత్రము మెచ్చదగినది కాదు.

ఒకనాడు మా తరగతి చర్చలో ఒక బాలుడు 1/2కు 1/3ను కూడి 2/5 అని వ్రాసెను. తోడనే నవ్వుబొమ్మలు కుప్పతిప్పలుగా వచ్చిపడినవి. "ఉన్న సగమునకు మఱికొంత చేర్చగా సగముకంటె తక్కువ యెట్లగునోయి?" అని స్నేహముతో నడిగిన చాలదా? అట్లడిగినవా డొక్కడును లేడు. అష్టావధానములో పృచ్ఛకు లెనమండుగురు. అప్రస్తుత ప్రసంగము చేయు నధికారము వారిలో నొక్కనికే. మన చర్చలలోనో, ఎల్లరును ఆ పదవినే కోరుదురు!

నోట వచ్చిన నవ్వు గంట కొట్టుసరికి చల్లారును. వ్రాసిన నవ్వు ఎవరును చెఱపనిచో అచటనే యుండును. నవ్వులపాలైనవాడు రాత్రి యొంటిగా దానిని మరల మరల చదువుకొనును. ఆ బాలుడు నెలదినములు ప్రశ్న యడుగలేదు. విద్యార్థులారా, తప్పు మీది మాత్రమే కాదు. ఆనాడు నేనును చూచి, పిదప చెప్పవచ్చునులే యని యూరకుంటిని.