ఎనిమిది గంటల బోటు ప్రయాణం

ఈ వారం మిమ్మల్ని కాస్త వంటింట్లోంచి బయటికి తీసుకెళ్తాను. కిందటి వారం కాకరకాయ కారం గురించి రాస్తే, "ఎప్పుడూ తిండిగోలేనా, ఎక్కడికైనా వెళ్ళిన ముచ్చట రాయరాదూ?" అని మా పక్కింటి వదినగారు దెప్పారు. ఆవిడ మాట ఎందుకు కాదనాలి?

ముందు మీరొక లెక్క వేసుకోండి. పెళ్ళయినప్పటి నుంచీ మీరూ మీవారూ కలిసి చేసిన ప్రయాణాల్లో ఏ పనీ లేకుండా వెళ్ళింది ఒక్కటైనా ఉందా? నేను వేసుకున్నాను. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, చావులు, తిరపతి మొక్కులు, పిల్లల్ని హాస్టల్లో దింపటాలు. ఇరవయ్యొక్క ఏళ్ళలో అంతే! ఏలూరు వాళ్ళమై ఉండి, పక్కనున్న కొల్లేటిలో పడవెక్కింది కూడా ఒక్కసారే, అదీ పెద్దింట్లమ్మ తీర్థానికి.

2017 సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. ఇంట్లో ఆయనా నేనూ మిగిలాం. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ పది రోజుల్లో నాకు ఏడుపొక్కటే తక్కువ. ఏం మాట్లాడినా జవాబుండదు. రెండోసారి అడిగితే "ఊఁ" అంటారు. మూడోసారి అడిగితే "ఎందుకలా అరుస్తావు?" అంటారు. పిల్లలున్నప్పుడు ఆ సందట్లో తెలియలేదు గానీ, ఇంత కాపురం చేశాక నా మాటకి ఇదా విలువ అనిపించింది.

అప్పుడు మా తమ్ముడు చెప్పాడు. వాడు శబరిమల వెళ్ళొస్తూ అలెప్పీలో ఆగి, అక్కణ్ణించి కొల్లం దాకా గవర్నమెంటు బోటులో వెళ్ళాడట. "అక్కా, బావని తీసుకుని వెళ్ళు, మా బాగుంటుంది" అని వాడే టిక్కెట్లు తీసిచ్చాడు. మన కోస్తా వాళ్ళకి రైలు సుళువే. అయ్యప్ప స్వాములందరికీ తెలిసిన బొకారో ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, విజయవాడల మీదుగా వెళ్ళి తిన్నగా అలెప్పీలోనే ఆగుతుంది.

అలెప్పీని ఇప్పుడు ఆలప్పుళ అంటున్నారు. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1862లో కట్టిన లైట్‌హౌసు ఇప్పటికీ ఉంది. సముద్రంలోకి వేసిన ఇనుప వంతెన తాలూకు స్తంభాలు మాత్రం ఎముకల్లా నిలబడి ఉన్నాయి. మా ఏలూరు తివాచీలకి ఎంత పేరో, ఆ ఊరు కొబ్బరిపీచు చాపలకి అంత పేరు.

మనం సినిమాల్లో చూసే హౌస్‌బోట్లు వేరు. అవి వెనకటి ధాన్యం పడవలు. మేకు అన్నది లేకుండా చెక్కల్ని పీచుతాళ్ళతో కుట్టి కట్టేవారు. వాటిలో ఒక్క రాత్రికి వేలల్లో అడుగుతారు. మేమెక్కింది జలరవాణా శాఖ వాళ్ళ రెండంతస్తుల బోటు. ఉదయం పదిన్నరకి కదిలి సాయంత్రం ఆరున్నరకి కొల్లం చేర్చేది. అప్పుడు మనిషికి 400 రూపాయలు తీసుకున్నారు. రైల్లో రెండు గంటలు కూడా పట్టని దూరానికి ఎనిమిది గంటలా అని మావారు టిక్కెట్టు పుచ్చుకుంటూనే సణిగారు. మన గోదావరి లాంచీల్లో సరంగు అంటాం చూడండి, వాళ్ళు 'స్రాంక్' అంటున్నారు. ఆ మాట వినగానే నాకు సొంత మనుషుల్లో పడ్డట్టయింది.

పై అంతస్తులో కుడివైపు, నీడపట్టున కూర్చున్నాం. రెయిలింగు పక్కన నన్ను కూర్చోమన్నారు. ఊరు దాటగానే కుట్టనాడు. అమ్మా, అది చూసి తీరాలి! మనం కృష్ణా గోదావరి డెల్టా వాళ్ళం, వరిచేలు కొత్తా? కానీ అక్కడ మనం నీళ్ళమీద పైన ఉంటాం, చేను గట్టుకవతల కిందికి ఉంటుంది. సముద్రమట్టం కన్నా కిందికి, కొన్నిచోట్ల రెండు మీటర్ల పైనే. వానలు తగ్గాక ఆ నీళ్ళన్నీ మోటార్లతో బయటికి తోడి, అప్పుడు నాట్లు వేస్తారు. మట్టిగట్టు ఒక్కచోట తెగిందా, పంటంతా పోయినట్టే. ఈ సేద్యాన్ని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వాళ్ళు కూడా గుర్తించారు.

గట్టుమీదే ఇళ్ళు. గుమ్మం ముందు నాలుగు మెట్లు, మెట్ల కింద నీళ్ళు. ఆడవాళ్ళు అక్కడే గిన్నెలు తోముకుంటున్నారు, బట్టలు జాడిస్తున్నారు. బోటు వెళితే అల మెట్టు మీదికి వస్తుంది. ఒకావిడ తోమిన గిన్నెల్ని తల కూడా ఎత్తకుండా పై మెట్టుకి జరుపుకుంది. రోజుకి ఎన్నిసార్లు జరుపుతుందో అనుకున్నాను. మరుసటేడు 2018 ఆగస్టు వరదల్లో కుట్టనాడంతా మునిగి, జనాన్ని పడవల్లో తరలిస్తుంటే టీవీలో చూశాం. నాకు ఆ గిన్నెలావిడే గుర్తొచ్చింది.

ఇవన్నీ మావారికి చూపిస్తూ చెబుతున్నాను. "ఏమండీ, ఆ బాతుల్ని చూడండి, ఎన్ని వందలున్నాయో!" జవాబు లేదు. "అదిగో, సగమే మిగిలిన నల్లరాతి బుద్ధుడట, కరుమాడి అట." ఊహూఁ. ఆయన చూపు ఎటో ఉంది. బోటులో మాతోపాటు కొత్తగా పెళ్ళయిన జంట ఒకటుంది. వాళ్ళు గుసగుసగా కూడా మాట్లాడుకుంటున్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత దూరం వచ్చినా ఇంతేనా అని నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం ఒకచోట ఒడ్డున భోజనానికి ఆపారు. అరిటాకులో లావుపాటి ఎర్రబియ్యం అన్నం, సాంబారు, చేపవేపుడు, క్యాబేజీ తోరన్. తోరన్ అంటే ఏం లేదు. సన్నగా తరిగిన క్యాబేజీ సగం మగ్గాక పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్ర, పసుపు కచ్చాపచ్చాగా నూరి కలుపుతారు. అదీ కొబ్బరినూనెలో. నీళ్ళు తలా వేరవక ముందే దింపెయ్యాలి, లేకపోతే ముద్దవుతుంది. తాగటానికి గులాబీరంగు వేడినీళ్ళిచ్చారు. పతిముఖం అనే చెక్కముక్కలు వేసి మరిగిస్తారట. నేను కోపం మీదున్నాను గానీ రెండోసారి తోరన్ అడిగి వేయించుకున్నాను.

తిరిగి బోటెక్కేసరికి ఎండ పడమటికి తిరిగి మా కుర్చీల మీద పడుతోంది. అందుకని ఎడమవైపుకి మారాం. ఇప్పుడూ రెయిలింగు పక్కన నేనే. కాయంకుళం కాయల్ వచ్చింది. కాయల్ అంటే మన ఉప్పుటేరు, కొల్లేరు కలిపి ఊహించుకోండి. చైనా వలలు గొడుగులు తిరగేసినట్టున్నాయి. నాలో నేనే, "మా అమ్మ చూస్తే ఎంత సంబరపడేదో" అని గొణుక్కున్నాను.

"మీ అమ్మగారు నీళ్ళంటే భయపడేవారు కదే" అన్నారు మావారు!

ఉలిక్కిపడ్డాను. పొద్దున్న అరిచి చెప్పినా వినపడనిది, ఇప్పుడు గొణిగితే వినపడిందా? కాసేపు ఊరుకుని, మెల్లిగా "కాఫీ దొరికితే బాగుణ్ణు" అన్నాను. "నాలుగింటికి ఆపుతారట, అప్పుడు తాగుదాం" అన్నారు. లేచి ఆయనకి కుడివైపు కూర్చుని అదే మాట అన్నాను. నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు.

"మీకు కుడిచెవి వినపడటం లేదు కదూ?" అని ఎడమవైపుకొచ్చి అడిగాను. చాలాసేపటికి ఒప్పుకున్నారు. రెండేళ్ళయిందట. "చెబితే డాక్టర్లూ ఖర్చులూ అంటావు, అమ్మాయి ఫీజులున్నాయి కదా" అన్నారు. మా ఇంట్లో సోఫాలో నేను కూర్చునే చోటు ఎటో తెలుసా? ఆయన కుడివైపు. రెండేళ్ళ పాటు నేను వినపడని చెవికి కబుర్లు చెప్పి, కోపం మాత్రం మనిషి మీద పెట్టుకున్నానన్నమాట.

ఆ తరవాత దారి ఎలా గడిచిందో తెలియలేదు. అలప్పాడు దగ్గర ఒక పక్క కాయల్, ఇంకో పక్క సముద్రం, మధ్య ఒక సన్నటి నేల, దానిమీద ఇళ్ళు. 2004 సునామీ అక్కడ ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత 2006లో అమృతపురి దగ్గర జనం పరుగున ఇవతలికి రావటానికి వంతెన కట్టారు. దాని కిందనుంచే బోటు వెళ్ళింది. పొద్దుగూకే వేళకి అష్టముడిలో ప్రవేశించాం. ఎనిమిది కొప్పుల్లా ఎనిమిది పాయలున్నాయని ఆ పేరట. చీకటిపడుతుండగా కొల్లంలో దిగాం. జీడిపప్పు ఊరది. రెండు కిలోలు కొన్నాను.

మీరు వెళ్ళేటట్టయితే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. ఆ బోటు ఇప్పుడు నడుస్తోందో లేదో, ఏ రోజుల్లో ఉందో, టిక్కెట్టు ఎంతో ముందే రేవులో కౌంటరు దగ్గర అడగండి. అలెప్పీ నుంచి ఊళ్ళ మధ్య తిరిగే మామూలు బోట్లు కూడా ఉన్నాయి, సిటీబస్సుల్లా చవక. మంచినీళ్ళు, ఒక తువ్వాలు, పెరుగన్నం దగ్గరుంచుకోండి.

ఇంటికొచ్చిన వారానికే చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కర్ణభేరికి చిల్లు. చిన్నప్పుడు చెవిలో చీము కారేదట. మా అత్తగారు చెప్పారని ఈయన వెల్లుల్లి కాచిన నూనె పోసుకుంటున్నారు, నాకు తెలియకుండా. డాక్టరు చెడా మడా తిట్టారు. చిల్లున్న చెవిలో నూనె అస్సలు పోయకూడదట. ఆ వేసవిలోనే ఆపరేషను అయింది. పూర్తిగా కాకపోయినా బాగానే వినపడుతోంది. మొన్న వంటింట్లో వాళ్ళ చెల్లెలి గురించి నేనేదో గొణుక్కుంటే, హాల్లోంచి "విన్నాన్లే" అన్నారు. ఏం గొణిగానో మాత్రం మీకు చెప్పను.